శనివారం పెట్టె

(కర్నూలు, 1946 వేసవి. పట్టణ గ్రంథాలయాధికారి వెంకటరాముడు ఉద్యోగ విరమణ సందర్భంగా జరిగిన సన్మాన సభలో ఆయన ఇచ్చిన ప్రసంగం.)

ఈ సభకు అధ్యక్షత వహించి నా మెడలో ఇంత బరువైన పూలదండ వేసిన మన గ్రంథాలయ కమిటీ అధ్యక్షులు శ్రీ ఓబుళరెడ్డిగారికి, నా ప్రసంగం ముగిసిన క్షణం నుంచి నా కుర్చీలో కూర్చోబోయే శ్రీ ఈరన్నగారికి, ఇంత ఎండలో కడప నుంచి వచ్చి ఆ స్తంభం పక్కన చెమట తుడుచుకుంటున్న నా మిత్రుడు, కడప గ్రంథాలయాధికారి దావీదురాజుగారికి, వేదిక మీది పెద్దలకు, ఎదుట ఉన్న పాఠక మిత్రులకు, సభ తర్వాత ఉగ్గాని, బజ్జీలు ఉంటాయని విని వచ్చినవాళ్లకు కూడా నా నమస్కారాలు. (నవ్వులు) ఉగ్గాని ఉంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నాకు ముందు మాట్లాడినవారంతా నేను మితభాషినని మెచ్చుకున్నారు. ‘నిశ్శబ్దం’ అని రాసిన బోర్డు కింద జీవితమంతా కూర్చున్నవాడికి మాట్లాడే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? ఇన్నేళ్లు మింగిన మాటలన్నీ ఈ పూట చెప్పుకుంటాను, ఓపిక పట్టండి. ఆ కిటికీ మూయకండి నాయనా. ఎదుట బస్సుస్టాండులో కడప బస్సుకు బొగ్గు రాజేస్తున్నారు, ఆ పొగే అది. యుద్ధం అయిపోయినా మనకు పెట్రోలు రాలేదు కదా. పొగ నాకు అలవాటే.

మీకు కనిపిస్తున్న ఆ ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు సర్ది మధ్యలో ఖాళీ వదిలారు. అక్కడ నేను తాళంచెవుల గుత్తి పెట్టాలి. మన గ్రంథాలయంలో చార్జి మారే పద్ధతి మొదటి నుంచీ ఇదే. పోయేవాడు నాలుగు మాటలు చెప్పి గుత్తి పళ్లెంలో పెడతాడు, వచ్చేవాడు కళ్లకద్దుకుని తీసుకుంటాడు, కాగితాల మీద సంతకాలు ఆ తర్వాత. నాకు ముందు పనిచేసినాయన గుత్తి పెడుతూ ఏడ్చేశాడు. నేను ఏడవదలుచుకోలేదు. గుత్తి ఇంకా నా మొలతాడుకే ఉంది. (తడిమి చూసుకున్నారు)

అధ్యక్షులవారు ఇందాక తమ ఉపన్యాసంలో ఒక సంగతి ప్రకటించారు, మీరు చప్పట్లు కొట్టారు. ఈరన్నగారు చార్జి తీసుకున్న క్షణం నుంచి శనివారం పెట్టె ఆగిపోతుందట, మన పుస్తకం ఇక మన గడప దాటదట. తెలిసి చప్పట్లు కొట్టినవాళ్లతో నాకు పేచీ లేదు. ఆ పెట్టె ఏమిటో తెలియక కొట్టినవాళ్ల కోసం చెబుతాను.

మనకైనా, కడపకైనా పుస్తకాలకని సర్కారు విదిలించేది అంతంత మాత్రం. ఆ కాస్తతో ఇద్దరమూ అవే పుస్తకాలు కొనేవాళ్లం, తక్కినవి లేక ఇద్దరమూ పాఠకుల చేత తిట్లు తినేవాళ్లం. ఒకనాడు నేను, దావీదురాజుగారు ఒక మాట మీదికి వచ్చాం. సేద్యం, చట్టం మేము కొంటాం, నేత పని, రంగుల అద్దకం మీరు కొనండి, పుస్తకం రెండు భాగాలుగా ఉంటే చెరొక భాగం కొందాం అని. ఇక్కడ ఎవరైనా కడప పుస్తకం అడిగితే, అక్కడ ఎవరైనా మన పుస్తకం అడిగితే, ఒక టేకు పెట్టెలో పెట్టి తాళం వేసి శనివారం బస్సు మీద వేస్తాం. దారిలో మైదుకూరు చదువుల గదిలో దాన్ని తెరిచి, వాళ్లు అడిగినవి దించుకుంటారు. కడపలో ఖాళీ చేసి, వాళ్ల పుస్తకాలు నింపి తిప్పి పంపుతారు. ఇంతే శనివారం పెట్టె. రెండు జిల్లాల పాఠకులకు దీని వల్ల ఒక్క గ్రంథాలయం కాస్తా రెండయింది.

ఏ ఏడాది ఎవరు ఏవి కొనాలో ఎక్కడ తేల్చుకునేవాళ్లమో చెబితే నవ్వుతారు. గ్రంథాలయం పని మీద పక్క జిల్లాకు పోతామంటే భత్యమూ ఇవ్వరు, సెలవూ ఇవ్వరు. అహోబిలం తిరునాళ్లకు పోతామంటే మాత్రం సెలవు చీటీ మీద కళ్లు మూసుకుని సంతకం పెడతారు. (నవ్వులు) రెండు వైపుల నుంచీ అక్కడికి బస్సులుంటాయి. అందుకని ఏటేటా నేను స్వామి దర్శనం చేసుకుని వచ్చేదాకా దావీదురాజుగారు, యేసు ప్రభువును నమ్ముకున్న మనిషి, బొరుగుల అంగడి పక్కన కూర్చుని పుస్తకాల పట్టికలు సరిచూసేవారు. నేను పులిహోర ప్రసాదం తెచ్చేవాణ్ణి, ఆయన తింటూనే నా పట్టికలో సగం కొట్టేసేవారు. ‘ఇది మా దగ్గర ఉండాది గదప్పా, మళ్లీ నీకెందుకు?’ అనేవారు. అవునా, కాదా దావీదురాజుగారూ? (దావీదురాజు లేచి నమస్కరించారు, చప్పట్లు)

పొరపాట్లు చేయలేదా అంటే, చేశాం. మొదటి ఏడాది మర్యాదకు పోయి చెడిపోయాం. కొత్త పంచాంగం ఎవరు తెప్పించాలన్న మాట వచ్చినప్పుడు, మీ దగ్గర పండితులు ఎక్కువ కాబట్టి మీరే తెప్పించండని నేనన్నాను. పెద్ద పట్టణం మీది, మీరు ఉండగా మేమెందుకని ఆయనన్నారు. ఇద్దరమూ మురిసిపోయి ఇళ్లకు పోయాం. ఉగాది నాడు చూస్తే ఇక్కడా పంచాంగం లేదు, అక్కడా లేదు. పంచాంగ శ్రవణానికి ఊరంతా వచ్చి కూర్చుంటే అయ్యవారు పోయినేటి పంచాంగమే తెరిచి, వానలు బాగా పడతాయని చదివేశారు. (పెద్దగా నవ్వులు) ఆ తర్వాత మర్యాదలు మాని, ప్రతి పేరుకూ ఎదురుగా ఎవరు కొంటారో రాసుకోవడం నేర్చుకున్నాం.

పెట్టె తడిసిన మాట అధ్యక్షులవారు ఎత్తారు. నిజం. నంద్యాల దగ్గర కుందూ పొంగి బస్సులోకి నీళ్లు వచ్చిన రోజది. కానీ తర్వాత ఏం జరిగిందో వారు చెప్పలేదు. బస్సు నడిపే హుసేన్‌పీరా పెట్టెను గట్టు మీదికి మోసి, తాళం పగలగొట్టి, ప్రయాణికులకు తలా ఒక పుస్తకం పంచాడు. అందులో చదువు వచ్చినవాళ్లు ఎందరో నాకు తెలియదు. అందరూ గట్టు మీద బారుగా కూర్చుని, ఒక్కొక్క పుట విడదీసి ఎండకు పట్టారు. నీళ్లు తీసినా, పుస్తకాలు ఆరలేదని పొద్దు వాలేదాకా బస్సు కదలలేదట. అట్టలు ఉబ్బిన ఆ పుస్తకాలు ఇంకా మన బీరువాలో ఉన్నాయి. ఒక్క పుట పోలేదు.

(అధ్యక్షులు: ‘ఇంక చాలప్పా, ముగించు. బజ్జీలు చల్లారతాండాయి.’ నవ్వులు)

చిత్తం. చల్లారిన బజ్జీని మళ్లీ నూనెలో వేయవచ్చు అయ్యా. నేను ఇంకొకసారి ఇక్కడ నిలబడలేను. అసలు మాట ఇంకా చెప్పనే లేదు.

పోయిన సోమవారం విశ్వాసమ్మ అనే ఆమె మైదుకూరు నుంచి వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో ఆయా. వచ్చే నెలలో కడపలో మంత్రసాని పరీక్షకు కూర్చుంటోంది. కాన్పుల పుస్తకం మొదటి భాగం కడపది, రెండో భాగం మనది, ఇందాక చెప్పిన ఒప్పందం ప్రకారం. ఆమె మన మెట్ల కిందనే నిలబడి అడిగింది.

‘సారూ, కాన్పుల బుక్కు రెండోది ఈడ ఉండాదంట గదా. బిడ్డ అడ్డం తిరిగితే ఏం జేయాల్నో దాంట్లో రాసిండారంట.’

లోపలికి వచ్చి కూర్చోమన్నాను. ‘మైదుకూర్లో వసారాలోనే కూచోని చదువుతాండా సారూ, గదిలోకి రానీరు’ అంది. కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. ఆ గదిలోకి ఆమెను రానివ్వని ఊళ్లో, పెట్టె మాత్రం ఆమె కోసం వసారాలోకి వచ్చింది. నేను ఈ ఉద్యోగంలో చేసిన పని ఏదైనా ఉంటే అదే.

బయటి ఊరివాళ్ల చేతికి పుస్తకం ఇవ్వకూడదని మన నిబంధన. అందుకని, శనివారం పెట్టెలో వస్తుందమ్మా అన్నాను.

‘తప్పకుండా వస్తాదా సారూ? ఆసుపత్రి దాకా రాలేక శానామంది ఆడోళ్లు దావలో బండ్లలోనే సచ్చిపోతాండారు. నేను పరీచ్చ గెలిస్తే నన్నే ఊర్లలోకి పంపిస్తారంట.’

నా మాట నమ్మమన్నాను. ఆమె నమ్మి వెళ్లింది. గురువారం నాడు పెట్టె ఆపమన్న ఈ ఆర్డరు నా బల్ల మీదికి వచ్చింది.

ఆ సాయంత్రమే అధ్యక్షులవారి ఇంటికి పోయాను. వారికి కోపం రావచ్చు, అయినా అక్కడ జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. ‘ఏమప్పా, ఈ ఊరోళ్ల దుడ్లతో కొన్న బుక్కులు పక్క జిల్లాకు మోసేది ఏం న్యాయం? ఆడిటోళ్లు అడిగితే నేను గదా చెప్పుకోవాల్సింది?’ అన్నారు. వారి ఇబ్బంది వారిది, కాదనను. కడప పుస్తకాలు మనవాళ్లూ చదువుతున్నారు కదా అన్నాను. వారు చేతిలోని పత్రిక విప్పుకున్నారు. ఈ ఒక్క శనివారం పోనివ్వండి అన్నాను. ‘శనివారం నీ సన్మానం గదా. దండ వేయించుకోని నెమ్మదిగా ఇంటికి పో. నీ పింఛను కాగితాలు నా బల్ల మీదనే ఉండాయి’ అన్నారు.

ఆ చివరి మాట భరోసాగా అన్నారో, మరోలా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు భయం లేదని అనను. రెండు రాత్రులుగా నిద్ర లేదు. మా ఆవిడ కృష్ణవేణమ్మ నిన్న పొద్దున ‘ఇన్నేండ్లూ నోరు మూసుకోని ఉంటివి, ఇంకొక్క పూట ఉండలేవా?’ అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. కానీ అయ్యా, ఇప్పుడు దేశమంతా నాది నీది అన్న పంపకాల మాటే వినిపిస్తోంది. మన రెండు బీరువాల మధ్య కూడా ఆ గీత గీస్తే, మొదటి భాగం అక్కడ, రెండో భాగం ఇక్కడ ఉండిపోతాయి. అడ్డం తిరిగిన బిడ్డకు జిల్లా సరిహద్దు ఏం తెలుసు?

అందరి ఎదుటా చేతులు జోడించి అడుగుతున్నాను ఓబుళరెడ్డిగారూ. ఈ శాలువా తీసుకోండి, ఈ దండ తీసుకోండి. పెట్టెను సాగనివ్వండి.

(అధ్యక్షులు తల అడ్డంగా ఊపి, పళ్లెం ముందుకు జరిపారు)

సరే. వారి జవాబు అందరూ చూశారు.

(బయట ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వక్త కిటికీ వైపు చూసి, మంచినీళ్లు తాగారు)

కృతజ్ఞతలు చెప్పకుండా ముగిస్తే బాగుండదు. బీరువాలకు చెదలు పట్టకుండా ఏటేటా వేపాకు పరిచిన గిడ్డమ్మకు... గిడ్డమ్మా, ఎక్కడున్నావు, లేచి నిలబడమ్మా, అందరూ చూస్తారు. (చప్పట్లు) పత్రికలో పద్యాల పుట చింపుకుపోయి, మర్నాడు అన్నం మెతుకులతో అతికించి తెచ్చిచ్చిన ఆ పెద్దమనిషికి. వారు ముందు వరసలోనే ఉన్నారు, పేరు చెప్పను. (నవ్వులు) ఎండాకాలం మధ్యాహ్నాలు పత్రిక అడ్డం పెట్టుకుని గురక పెట్టినవారందరికీ. నిశ్శబ్దం బోర్డు పెట్టింది నిజానికి మీ కోసమే. (నవ్వులు)

(అధ్యక్షులు: ‘వెంకటరాముడూ, తాళాలు పెట్టు ఇంక!’)

పెడుతున్నానయ్యా. ముడి బిగిసింది, విప్పుతున్నాను.

(బయట ఇంజను అందుకుంది. హారను మోగింది. బస్సు కదిలిన చప్పుడు క్రమంగా దూరమైంది)

అదిగో, కడప బస్సు వెళ్లింది. మధ్యాహ్నం ఈ సభకు వచ్చే ముందు నేనే ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని తీసుకుపోయి హుసేన్‌పీరాకు అప్పగించాను. కాన్పుల పుస్తకం రెండో భాగం అన్నిటికన్నా పైన ఉంది.

(సభలో కలకలం. అధ్యక్షులు లేచి: ‘ఏమంటాండావప్పా నువ్వు? వద్దని చెప్పింటి గదా!’)

చెప్పారు. నోటితో చెప్పారు. కాగితం మీద మాత్రం ‘కొత్త అధికారి చార్జి తీసుకున్న క్షణం నుంచి’ అని రాసి తమరే సంతకం చేశారు. ఇంత సేపూ చార్జి నాదే. ఇదిగో, ఇప్పుడు గుత్తి పళ్లెంలో పెడుతున్నాను. (పెట్టారు) ఇక మీ ఆర్డరు అమల్లోకి వచ్చినట్టే. కుర్రవాళ్లు ఎవరైనా సైకిలు తొక్కదలుచుకుంటే ఓర్వకల్లు గుట్టల దగ్గర బస్సును అందుకోవచ్చు, అక్కడ ఎక్కలేక ఎలాగూ ఆగుతుంది. కానీ ఎక్కించిన సరుకు దించాలంటే పంపిన అధికారి సంతకం కావాలంటాడు హుసేన్‌పీరా. ఆ అధికారి ఇప్పుడే ఉద్యోగంలో లేకుండా పోయాడు. (నవ్వులు, చప్పట్లు, కొందరు లేచి నిలబడ్డారు)

నవ్వకండి. నా పింఛను కాగితాల సంగతి అధ్యక్షులవారి దయ, వారేం చేసినా నేను వారిని నిందించను.

ఈరన్నగారూ, గుత్తి తీసుకోండి, కళ్లకద్దుకోండి. అందులో చిన్న ఇత్తడి చెవి పెట్టెది. వచ్చే శనివారం ఆ పెట్టె కడప పుస్తకాలతో మన మెట్ల దగ్గరికి వస్తుంది, మన పాఠకులు అడిగినవే. దాన్ని తెరవాలా, తెరవకుండా తిప్పి పంపాలా అన్నది మీ చేతిలో ఉంది. నాకిక అడిగే అధికారం లేదు. కాకపోతే, ఈ ఊరి కాపురస్థుణ్ణి కాబట్టి నిన్ననే పాఠకుడిగా చేరాను, పెట్టెలో నాకూ ఒక పుస్తకం రావాలి. శనివారం బస్సు వేళకు ఆ మెట్ల కింద, విశ్వాసమ్మ నిలబడ్డ చోటే నిలబడి ఉంటాను.

ఇంతసేపు నన్ను భరించిన మీ అందరికీ, ముఖ్యంగా అధ్యక్షులవారికి, నా కృతజ్ఞతలు. సెలవు.