ఆరింటి ప్రత్తిపాడు బస్సు

అధ్యక్షులు, డిపో మేనేజరు త్యాగరాజు గారికి, ఇవాళ రిటైరవుతున్న మన బస్‌స్టాండు కంట్రోలరు జయకుమారి గారికి, బస్సు కోసం వచ్చి సభకు దొరికిపోయిన ప్రయాణికులకు యలమందయ్య నమస్కారాలు. (నవ్వులు)

నేను బడిలో చదివింది అయిదో తరగతి వరకే. మిగతా చదువంతా ఎదురుగా ఉన్న ఈ రైల్వే స్టేషనులో, గూడ్సు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది. జిన్నింగ్ మిల్లు పని మానేశాక పదకొండేళ్ళుగా సాయంత్రం పూట పట్టాల మీది వంతెనెక్కి, అటు తిరిగి ఇంజన్ల నెంబర్లు రాసుకుంటూ, ఇటు తిరిగి బస్సులు చూస్తూ నిలబడతాను. "ఎవరన్నా జీతమిస్తున్నారా అండీ?" అనేది మా ఆవిడ. జీతం లేదు గానీ, ఉద్యోగం మటుకు జయకుమారి గారే ఇచ్చారు. ఆరింటి ప్రత్తిపాడు బస్సు వెళ్ళిపోతే మళ్ళీ గంటన్నర దాకా ఇంకోటి లేదు. ఆ బస్సెక్కే జనం దిగే ప్యాసింజరు రైలేమో ఏనాడూ వేళకు రాదు. "బాబాయ్, దూరంగా లైటు కనపడగానే ప్యాసింజరైతే తువ్వాలు ఊపండి, బస్సు ఆపుతాను. గూడ్సయితే ఊరుకోండి, పంపించేస్తాను" అన్నారావిడ. ఏ రూల్సులోనూ లేని ఏర్పాటు. మేనేజరు గారు ఈ ముక్క విననట్టుండాలి. (నవ్వులు)

ఇక నవ్వే మాటలు లేవు.

ఏప్రిల్లో ఒక గురువారం లైటు కనపడింది. గూడ్సనుకుని ఊరుకున్నాను. ఆవిడ విజిలేశారు, డ్రైవరు బుడాన్ బస్సు కదిలించాడు. తీరా వచ్చింది ప్యాసింజరు. అదిగో, ముందు వరసలో కూర్చున్న రాఘవమ్మ, ఆ రోజు మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వస్తూ, కదిలే బస్సును రైలు కిటికీలోంచి చూసింది. వంతెనెక్కితే అందదని ప్లాట్‌ఫారం లేని వైపు దిగి, పట్టాలకు అడ్డంపడి పరిగెత్తింది. రెండో లైను మీద ఎక్స్‌ప్రెస్సు వస్తోంది. బండి దాటిపోయేదాకా ఆమె ఇవతలికి వచ్చిందో, చక్రాల కింద ఉందో తెలియలేదు. ఏ బండికైనా పెట్టెలు లెక్కపెట్టే నేను, ఆ బండికి కళ్ళు మూసుకున్నానండీ.

వచ్చింది, చెప్పులు పట్టాల మధ్యే వదిలేసి. అందరూ మూగి, "ఏమ్మే, కళ్ళు కనపడట్లా? గుడ్డిదానివా?" అని తిట్టారు. ఆమెకు కనపడతాయి. కనపడనిది నాకు.



ఉగాది ముందు నుంచీ కళ్ళ ముందు దూది పరిచినట్టుంది. కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. చెబితే వంతెన దిగమంటారని దాచాను. తొందరపడి విజిలేసింది తానేనని జయకుమారి గారు మెమో తీసుకున్నారు. నాతో మటుకు "పొగమంచు బాబాయ్, ఎవరికైనా అంతే" అన్నారు. ఏప్రిల్ ఎండల్లో మంచేమిటమ్మా! అయినా నోరు విప్పలేదు. ఆనాటి నుంచి ఏ లైటు కనపడినా తువ్వాలు ఊపుతూనే ఉన్నాను. "ఏంది బాబాయ్, సిమెంటు బస్తాలు కూడా నా బస్సే ఎక్కుతాయా?" అంటాడు బుడాన్. కానీ లైటే కనపడని రోజు వస్తుంది. అది ఎప్పుడొచ్చి పడుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న కొత్త కంట్రోలరు తేజశ్రీ వచ్చి, "మేడం అంతా చెప్పారు తాతగారూ, మీరు ఊపితే ఆపుతా, లేకపోతే పంపించేస్తా" అంది. ఆ పిల్ల నమ్మకం చూశాక ఇంక దాచలేననుకున్నాను. ఈ మైకు పట్టుకున్నది అందుకే.

(దూరంగా రైలు హారను)

అదిగో. ప్యాసింజరో గూడ్సో నన్నడగొద్దు, నాకు తెలియదు. రాఘవమ్మా, మీ కోడలు ఇవాళ ప్యాసింజర్లోనే వస్తోందని ఇందాక చెప్పావు. బుడాన్, బస్సు కదపకురా! తేజశ్రీ, దండలు తరువాత, నువ్వు వంతెనెక్కి నీ కళ్ళతో చూడు. జయకుమారమ్మా, ఆ మెమో నాది, రేపు మేనేజరు గారి ముందు నేనే సంతకం పెడతాను. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళమ్మా తేజశ్రీ, చప్పట్లకు ఆగకు, పరిగెత్తు. సెలవు.