వెనక సీట్లో మామగారు

కొత్త టూరింగ్ బండి గేటు ముందు ఆగింది. కోడలు హెల్మెట్ తీసి వెనక్కి తిరిగింది. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మామగారు సీటు మీంచి కదల్లేదు.

"మామయ్యా, ఇల్లొచ్చింది. దిగండి."

"అప్పుడేనా? క్వారీ దారిలో గోతులన్నీ ఏమైపోయాయమ్మా? నడుముకి ఒక్కటీ తెలియలేదు!"

"గోతులు అక్కడే ఉన్నాయి. మన బండి షాక్ అబ్జార్బర్లు మింగేశాయి."

"కంకర మీద బ్రేకు కొట్టావు చూడు, అప్పుడు నా పనైపోయిందనుకున్నా. బండి ఇంత కూడా జారలేదు!"

"నా భుజంలో మీ గోళ్లు మాత్రం దిగబడ్డాయి."

"దిగబడవూ మరి! ఇంతెత్తు బండికి నీ కాళ్లు నేలకి అందవని నిన్నంతా గోల పెట్టానా, ఇప్పుడు గేటు ముందు మునివేళ్ల మీదే నిలబెట్టేశావు."

"అయితే నేననుకున్నట్టే ఈ బండి మీద కొండల మీదికి వెళ్లి రమ్మంటారా?"

"వెళ్లు. కాకపోతే ఇంత బండికి వెనక కాస్త బరువుండాలి. లేకపోతే నిలకడ ఉండదు. డ్రైవర్ని, నాకు తెలుసు."

ఆమెకు నవ్వాగలేదు. "నా ప్రయాణం ఆపడానికే బండెక్కుతున్నానని అత్తయ్యతో చెప్పారట కదా?"

"ఆపుదామనే ఎక్కాను తల్లీ! నన్ను నోరు విప్పనివ్వడానికి నువ్వెక్కడైనా బండి ఆపితేగా!"