మిలట్రీ కోట్ల గవర్రాజు, తాటిమెట్ట సింహాలమ్మ

గవర్రాజని దర్జీ ఒకడుండేవోడంట, కొత్తూరు సెంటర్లో. మంచి పనోడే, జాకెట్టు కుడితే పండక్కి ముందే ఇచ్చేసేవోడు, అలాంటి దర్జీని మీరెక్కడన్నా చూసేరా? కాని ఆడికో పిచ్చి ఉంది. ఏం పిచ్చంటే, మిలట్రీ బట్టల పిచ్చి. అదెలా పట్టుకుందంటే, ఓ రోజు ఒకావిడ వాళ్ళ మావగారి పాత ఖాకీ కోటు పట్టుకొచ్చిందంట. ఆయనెప్పుడో దొరల కాలంలో యుద్ధానికెళ్ళొచ్చిన మనిషి. "ఇది కత్తిరించేసి రెండు సంచులు కుట్టిపెట్టు అబ్బాయ్, గుడ్డ గట్టిది" అంది. సరేనని ఈడు కత్తెర తీసేడు. తీసి కోటు తిరగేస్తే ఏముంది, చంక కింద నాలుగు కుట్లు. నల్లదారంతో వేసినయ్యి, వంకరటింకరగా. దర్జీ వేసిన కుట్టు కాదది. ఎక్కడో పరాయిదేశంలో, ఏ గుడారంలోనో కూచుని, సూది పట్టడం రాని సిపాయి తన కోటు తనే కుట్టుకున్నాడు. అది చూసేసరికి ఈడి చెయ్యి ఆగిపోయిందంట. ఆవిడకి తన గుడ్డతో రెండు సంచులు కుట్టిచ్చి, కోటు తనే ఉంచేసుకున్నాడు. అలా మొదలైంది. ఆ తర్వాత సైకిలేసుకుని ఊరూరూ తిరగడం, "మీ ఇంట్లో మిలట్రీవోళ్ళెవరన్నా ఉండేవోరా అండీ?" అని అడగడం. జనం దగ్గర ఏం ఉండేవనుకున్నారు? ఒకింట్లో ఒర ఉన్న కత్తితో కొబ్బరికాయలు వొలుస్తన్నారంట. ఇంకో ఇంట్లో వెండి బిళ్ళ, దాని మీద రాజుగారి బొమ్మ, గేదె మెళ్ళో గంట పక్కన కట్టేరు. నవ్వకండి, నిజం. ఈడు గేదెకి కొత్త గంట కొనిచ్చి, ఆ బిళ్ళ విప్పుకొచ్చేడు.

అలా పదేళ్ళు తిరిగేసరికి ఇల్లంతా కోట్లూ టోపీలూ బెల్టులూ సిపాయిలు పిక్కలకి చుట్టుకునే పట్టీలూ. ఆళ్ళావిడ నూకాలు, "ఏవయ్యో, ఈ ఇంట్లో బతికున్నోళ్ళు పడుకోడానికి చోటుందా లేదా?" అనేదంట. అనేదేగాని, వానాకాలం వెళ్ళగానే ఆ కోట్లన్నీ ఎండలో ఆరేసేది తనే, వేపాకు మడతల్లో పెట్టేది తనే. ఆ ఊళ్ళోనే తాతారావు గారని రిటైరైపోయిన సుబేదారు ఒకాయన ఉండేవోరు. ఏ బిళ్ళ ఏ యుద్ధానిదో, ఏ గుండీ ఏ పటాలానిదో ఈడికి నేర్పింది ఆయనే. ఆయనోసారి చెప్పేరంట, "ఒరే గవర్రాజూ, అన్నీ పోగేసేవు గాని నీ దగ్గర ఒకటి లేదురా. మొదటి యుద్ధంలో చచ్చిపోయినోళ్ళ ఇళ్ళకి తెల్లదొరలు కంచుపళ్ళెం పంపేవోరు, గుండ్రంగా, అరచెయ్యంత. దాని మీద ఆ మనిషి పేరు పోతపోసి ఉంటది. ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనో ఉండే ఉంటది" అని. ఇంకేముంది, ఆ పళ్ళెం ఈడి బుర్రలో పడిపోయింది. చూసిన ఊరే మళ్ళీ చూసేడు, అడిగిన ఇల్లే మళ్ళీ అడిగేడు. ఎక్కడా లేదు.

ఇలా ఉండగా ఏమైందంటే, ఓ మంగళారం తాటిమెట్ట వెళ్ళేడు. మెట్టమీద ఊరు, దారంతా గులకరాళ్ళు, సైకిలు నడిపించుకెళ్ళాలి. ఊళ్ళోకెళ్ళి అడిగితే ఓ కుర్రది నవ్వి, "మిలట్రీయా? అయితే పరారీ మంగాయమ్మ ఇంటికెళ్ళు" అంది. ఆ పేరేంటో ఈడికి అర్థం కాలేదు. వెళ్ళేడు. అరవయ్యేళ్ళకి దగ్గర పడ్డ మనిషి, చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. "మామ్మగారండి, పాత కోటేదన్నా ఉందాండి?" అన్నాడు. "ఉంటే ఇద్దును నాయనా. మా నాన్న ఏసుకున్న కోటుతోనే పోయేడు. అప్పుడు నాకు రెండేళ్ళు. కూడా వెళ్ళినోడు ఒకడు తిరిగొచ్చి, అచ్చన్న ఓ పొద్దున్న పేర్లు పిలిచినప్పుడు పలకలేదు, ఎటో పారిపోయేడు అని చెప్పేడంట. అంతే, ఊరంతా మాది పరారీ ఇల్లన్నారు. మా అమ్మ ఆ మాటలు పడలేక నన్నెత్తుకుని మా మేనమావ ఊరెళ్ళిపోయింది. పెద్దయ్యాక నేనొచ్చేను, ఈ ఇల్లూ ఈ నేలచెక్కా నాదే కదా అని. వస్తే పేరు నాకన్నా ముందొచ్చి కూచునుంది" అంది. అని ఊరుకుందా, ఊరుకోలేదు. "పేరుదేవుందిలే నాయనా. మా అమ్మ పోయేదాకా బొట్టు చెరుపుకోలేదు, తద్దినం పెట్టుకోలేదు. చచ్చేడని తెలిస్తే ఏడుద్దును, బతికున్నాడని తెలిస్తే తిడుదును, రెండూ లేకుండా చేసేడే మనిషి అనేది" అంది. గవర్రాజు సగం తాగిన మజ్జిగ చెంబు కింద పెట్టేడంట. దండం పెట్టి లేచేడు.

ఎండ మండిపోతంది. ఊరి చివర సింహాలమ్మ గుడుంటే, గుడంటే ఎంత, నాలుగు గోడలూ పైన రేకూ, అక్కడ కాసేపు కూచున్నాడు. ఆ వేళప్పుడు పూజారి సింహాచలం అమ్మవారిని బయటికి తెచ్చి చింతపండేసి తోముతున్నాడంట. ఆ అమ్మవారేమో రాతి బొమ్మ కాదు, గుండ్రటి కంచుబిళ్ళ. చేతిలో త్రిశూలం, ముందర సింహం, నిలబడ్డ ఆడమనిషి. ఆ ఊరోళ్ళకి ఆవిడే సింహాలమ్మ. భూమి దున్నుతుంటే బయటపడిందని చెప్పుకుంటారు. యాభై ఏళ్ళ పసుపూ కుంకుమా చందనం పేరుకుపోయి, ఏడాదికోసారి తోమితే తప్ప మొహం కనపడదు. ఆ రోజు పూజారి గట్టిగా తోమేడు. తోమి నీళ్ళు పోసేసరికి, సింహం మీదగా చిన్న పలకలా ఉంది, ఆ పలకలో అక్షరాలు! ఇంగిలీషు అక్షరాలు! గవర్రాజు ముందుకి వంగి చూసేడు. ఇన్నాళ్ళుగా వెతుకుతున్న పళ్ళెం, అరచెయ్యంత పళ్ళెం, అమ్మవారై కూచుంది. "ఏంటయ్యా అలా చూస్తన్నావు?" అన్నాడు పూజారి. "దండం పెట్టుకుందావనండి" అన్నాడు ఈడు. "పెట్టుకో, ఇదే ఆఖరు. రాతివిగ్రహం చెక్కించేం, శుక్రారం నిలబెడతన్నాం. ఈ పాతది ఏం చెయ్యాలో తెలీక చస్తన్నాం. ఏట్లో కలిపేద్దావంటున్నారు ప్రెసిడెంటు గారు" అన్నాడు. విన్నారా? ఏట్లో కలిపేస్తారంట! ఈడు ఆగలేకపోయేడు. "ఏట్లో ఎందుకండి, నాకిచ్చెయ్యండి, భద్రంగా చూసుకుంటాను. కొత్త అమ్మవారికి పట్టుబట్టలు నేను కుట్టిపెడతాను" అన్నాడు. పూజారి వెళ్ళి ప్రెసిడెంటు గారి చెవిలో వేసేడు, ఆయన సరే పట్టుకెళ్ళమన్నారు. అంత తేలిగ్గా వచ్చేసింది అనుకోండి.

తువ్వాల్లో చుట్టుకుని, తొక్కుతున్నాడో ఎగురుతున్నాడో తెలీకుండా తిన్నగా సుబేదారు గారింటికి వచ్చేడంట. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఎండలోకి తిప్పి చూసి, "ఇదేరా! ఇదే!" అన్నారు. "అంచు చుట్టూ ఏం రాసుందో తెలుసా? స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ప్రాణమిచ్చేడు అని." "పేరేంటండి, పేరు చదవండి" అన్నాడు ఈడు. ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, "పడాల... అచ్చన్న" అన్నారు. అంతే. గవర్రాజుకి మజ్జిగిచ్చిన మామ్మ గుర్తొచ్చింది. మెల్లిగా, "ఏవండీ, పారిపోయినోడిక్కూడా ఇది ఇస్తారాండి?" అనడిగేడు. సుబేదారు గారికి కోపం వచ్చేసింది. "పారిపోయినోడికి కాదురా, ప్రాణం పోయినోడికి. పటాలం రాసిస్తేనే వస్తది ఇది. ఊరికే వస్తదనుకున్నావా?" అన్నారు.

ఇప్పుడు చూడండి ఈడి పరిస్థితి. చెప్తే పళ్ళెం పోద్ది. చెప్పకపోతే ఎవరడుగుతారు? ఆ ఊళ్ళో ఆ ఇంగిలీషు చదివినోడు లేడు, ఇచ్చినోళ్ళు సంతోషంగా ఇచ్చేరు. గోడకి మేకు కొట్టి తగిలించేడంట. తగిలించి, మిషను ముందు కూచుంటే సూదిలోకి దారం ఎక్కదు. ఆ పూటంతా ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. నూకాలు చూసి చూసి, "ఏం జరిగిందో చెప్పి చావు" అంది. చెప్పేడు. అంతా విని ఆవిడ ఒక్కమాటే అడిగిందంట, "ఆ మామ్మ నీకు మజ్జిగిచ్చిందన్నావు కదా, మళ్ళీ ఆ దారినెళ్తే ఆ ఇంటి ముందు సైకిలు దిగగలవా?"  ఈడు లేచెళ్ళి మేకు నించి పళ్ళెం తీసేడు.

శుక్రారం పొద్దున్న తాటిమెట్టలో డప్పులు, జనం. రాతి అమ్మవారిని నిలబెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. గవర్రాజు సుబేదారు గారిని సైకిలు మీద ఎక్కించుకుని, గులకరాళ్ళ మీద తోసుకుంటూ వచ్చేడు. సుబేదారు గారు తన బిళ్ళలన్నీ గుండెకి పెట్టుకునొచ్చేరు, అలా వస్తే మాట వింటారని. గవర్రాజు ముందు మంగాయమ్మ ఇంటికెళ్ళి, "మామ్మగారండి, ఓసారి గుడి దగ్గరికి రండి" అన్నాడు. "నేనెందుకు నాయనా, నేనొస్తే మూతులు తిప్పుతారు" అంది. "తిప్పనివ్వండి, రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేడు. అందరి ముందూ పళ్ళెం తీసి, సుబేదారు గారు పైకి చదివేరు. పడాల అచ్చన్న. చదివి, దానర్థం చెప్పేరు, ఆ బొమ్మ తెల్లదొరలు తమ దేశానికి గుర్తుగా వేసుకునే దొరసాని అని కూడా చెప్పేరు.  తర్వాత ప్రెసిడెంటు గారన్నారు, "పడాల అచ్చన్నలు లోకంలో ఎంతమంది లేరండి? ఈ అచ్చన్నే అని ఏంటి రుజువు?" అని. అదీ నిజమే కదా, జనం తలూపేరు.  మంగాయమ్మ వెనక్కి తిరగబోతంది.

అప్పుడు గుంపు వెనకాల నించి, కర్ర పొడుచుకుంటూ ముసలి తలారి పోలయ్య వచ్చేడంట. ఎనభై దాటిన మనిషి. "రుజువు నేను" అన్నాడు. "ఆ పార్సిలు పోస్టాఫీసు నించి మోసుకొచ్చింది నేనే. అచ్చన్న పెళ్ళాం పేరున వచ్చింది. అప్పటికి ఆవిడ పిల్లనెత్తుకుని వెళ్ళిపోయింది. మునసబు గారు విప్పేరు. లోపల అమ్మవారు, త్రిశూలం, సింహం. ఊళ్ళో మశూచి ఉందాయె. ఆయన దండం పెట్టి, అమ్మ తనంతట తనే మనూరొచ్చింది, పార్సిలు మాట ఎవరికీ చెప్పకు, దున్నుతుంటే బయటపడిందని చెబుదాం అన్నారు. నాకేం తెలుసు అందులో అచ్చన్న ఉన్నాడని. కాని అచ్చన్న ఇంటిదని తెలుసు. తెలిసి యాభై ఏళ్ళు నోరు మూసుకున్నాను, తల్లీ" అని మంగాయమ్మ కాళ్ళ దగ్గర కూలబడిపోయేడు.

మంగాయమ్మ తిడద్దనుకున్నారు అందరూ. తిట్టలేదు. పళ్ళెం చేతిలోకి తీసుకుని, ఆ పలక మీద అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. చదువు రాదు కదా, తడిమి చూసుకుంది. తర్వాత నవ్విందంట! కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతన్నాయి, నవ్వుతోంది. "ఏరా, ఇన్నేళ్ళూ నన్ను పరారీ దాన్నంటూనే, మా నాన్న పేరుకేనా మీరంతా కొబ్బరికాయలు కొట్టేరు?" అంది. ఆ మాటకి తలెత్తినోడు లేడు. ప్రెసిడెంటు గారు కండువా తీసి చేత్తో పట్టుకుని, "తప్పయిపోయింది అక్కా, ఇది నీది, తీసుకెళ్ళు" అన్నారు. "తీసుకెళ్తాను. ఓ పదకొండు రోజులు మా ఇంట్లో ఉంచుకుంటాను. ఆయనకీ, మా అమ్మకీ చెయ్యాల్సినవి ఉన్నాయి. అవి అయ్యాక నేనే తెచ్చి ఇక్కడ పెడతాను. నేనొక్కదాన్నీ ఎన్నాళ్ళు చూసుకుంటాను? ఊరు చూసుకుంటే మంచిది. కాని ఏడాదికోసారి తోమినప్పుడల్లా ఆయన పేరు పైకి చదవాలి" అంది. అప్పటికప్పుడు డప్పులు తిరిగేయి చూడండి, గుడి నించి మంగాయమ్మ ఇంటిదాకా! ఆ గుమ్మంలోకి అదే మొదటిసారి ఊరు రావడం. పదకొండో రోజు భోజనాలకి ఒక్క ఇల్లు మానలేదంట. ఆ పోలయ్య కర్ర పక్కన పెట్టి, విస్తళ్ళు తనే వేసేడంట.

గవర్రాజు మాటా? ఉత్త చేతుల్తోనే వెళ్ళేడు. కాని ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నించి జనమే ఆడి దగ్గరికి రావడం మొదలెట్టేరు. ఒకడు తాత బిళ్ళ, ఒకావిడ మావగారి బెల్టు, "దీని మీద పేరుందేమో చూసి చెప్పవయ్యా" అని. ఆడూ సుబేదారు గారూ కూచుని చదివేవోళ్ళు. చదివి, ఎవరిది వాళ్ళకి పంపేసేవోళ్ళు. ఎవరికీ అక్కర్లేనివే ఆడింట్లో ఉండేవి, నూకాలు ఎండలో ఆరేసేది.

నేనూ చూసేను ఆ సింహాలమ్మని, మొన్న జాతరకెళ్ళినప్పుడు. రాతి అమ్మవారు వెనకాల, కంచుబిళ్ళ ముందర. సింహాచలం కొడుకు ఇప్పుడు పూజారి. ఉండబట్టలేక అడిగేను, "ఒరే అబ్బాయ్, ఆ బొమ్మ తెల్లదొరసాని అని అందరికీ తెలిసిపోయింది కదా, ఇంకా హారతిస్తన్నారేంట్రా?" అని. ఆడు హారతిపళ్ళెం ఆపకుండానే, "దొరసానైతే ఏంటండి? ఇన్నేళ్ళు మా పసుపునీళ్ళు పోయించుకుంది, ఇంక ఆవిడ ఏ దేశం పోద్ది?" అన్నాడు. నాకైతే సబబే అనిపించింది. దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తిని వచ్చేను. పులిహోర కాస్త ఉప్పెక్కువైంది గాని, బానే ఉంది.