రింగే లేని ఫోను

ఆ రోజు శాటిలైట్ బాబాయ్ టీ కొట్టు బల్ల మీద కూర్చుని మొదలుపెట్టిన మాట నిజానికి చాలా చిన్నది. "ఆ కంపెనీ వాళ్ళు ఈ పనికి దిగేముందు నన్నొక మాట అడిగారు," అన్నాడు. అంతే. అక్కడితో ఆపి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆపితే ఆయన శాటిలైట్ బాబాయ్ ఎందుకవుతాడు?

ఉద్యోగం చేసిన ముప్ఫై ఏళ్ళూ ఆయన టెలిఫోన్ ఆఫీసులో ఫిర్యాదుల పుస్తకం రాశాడు. ఎవరైనా వచ్చి "మా ఫోను పలకడం లేదండీ" అంటే పేరు, నంబరు, తేదీ రాసుకుని "చూస్తాం" అని పంపేసేవాడు. రిటైరయ్యాక ఆ పుస్తకం కాస్తా ఆయన నోట్లో పడి టవరైంది, టవరు పెరిగి శాటిలైటైంది. వీధిలో ఎవరి ఫోనుకి సిగ్నల్ అందకపోయినా ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. సిగ్నల్ రాదు గానీ పొద్దు పోతుంది.

కొట్టు నడిపేది అక్క. చిన్నవాళ్ళూ అక్క అంటారు, తండ్రి వయసువాళ్ళూ అక్కే అంటారు, బాబాయ్ ఒక్కడే "అమ్మాయ్" అంటాడు. మామూలుగా ఆయన కోతలు కోస్తుంటే ఆమె ఒక చెవితో విని, గ్లాసులు కడుక్కుంటూ, రెండో చెవితో వదిలేస్తుంది. ఇవాళ మాత్రం రెండు చెవులూ అక్కడే పెట్టింది. దానికి కారణం ఆమె చేతిలో ఉన్న కాగితం.

ఇన్నాళ్ళూ కంప్యూటర్లలో ఏవేవో చేసుకుంటూ బతికిన పెద్ద కంపెనీ ఒకటి, కడుపు నిండలేదు కాబోలు, ఉన్నట్టుండి "మేమూ ఫోను సర్వీసు పెడుతున్నాం" అని జనం మీద పడింది. నెల రోజులుగా ఏ గోడ చూసినా వాళ్ళ బొమ్మలే. "మీ మనసే మా నెట్‌వర్క్" అని రాసి ఉంటుంది. దాని అర్థం రాసినవాడికి తెలిస్తే చాలు. పాత నంబరుతోనే చేరొచ్చట. ఒకసారి చేరాక ఏడాది దాకా వెనక్కి రాకూడదట. ఇవాళ పన్నెండింటితో ఆఖరట. రోడ్డుకి అవతల పసుపుపచ్చ గొడుగు వేసుకుని కూర్చున్న కంపెనీ అమ్మాయి పొద్దున్నే వచ్చి కాగితం ఇచ్చి వెళ్ళింది. అక్క అంతా నింపేసింది. సంతకం ఒక్కటే మిగిలింది.

పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకంటే ఆమె వ్యాపారం మొత్తం ఆ నంబరు మీదే నడుస్తోంది. ఎదురుగా ఉన్నది అయిదంతస్తుల బిల్డింగు. లిఫ్టు ఉంది, అది కదిలిన రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకప్పుడు ఆమె భర్త ఎవరికెన్ని టీలు కావాలో అడగడానికి ఒకసారి, ఇవ్వడానికి ఒకసారి ఆ మెట్లన్నీ ఎక్కేవాడు. రెండేళ్ళ కిందట ఆయన మోకాళ్ళు ఇక మావల్ల కాదు అనేశాయి. అప్పుడు అక్క మిస్డ్ కాల్ పద్ధతి పెట్టింది. ఒక మిస్డ్ కాల్ వస్తే రోజూ తాగేవన్నీ పంపాలి. రెండొస్తే బయటివాళ్ళు ఎవరో వచ్చారు, ఇంకో రెండు కలపాలి. మూడొస్తే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. లాయరు గది నుంచి మూడొస్తే చక్కెర తగ్గించాలి, పళ్ళ డాక్టరు నుంచి మూడొస్తే లోపల ఎవరో గోల పెడుతున్నారు, కాసేపాగి రావాలి. ఎవరి నంబరుకి ఏ అర్థమో రాసి పెట్టిన పుస్తకం ఏదీ లేదు, మొత్తం అక్క బుర్రలోనే ఉంది.

ఈమధ్య పాత కంపెనీ సిగ్నల్ పడుకుంది. మొన్న నాలుగో అంతస్తు వాళ్ళు అయిదు సార్లు చేస్తే ఒక్కటీ రాలేదు. వాళ్ళు విసిగిపోయి కాఫీ మిషను తెప్పిద్దామా అని మాట్లాడుకున్నారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి అక్కకి ముద్ద దిగడం లేదు. మారకపోతే నాలుగో అంతస్తు పోతుంది. మారాక ఏదైనా తేడా వస్తే అయిదంతస్తులూ పోతాయి. పోనీ ఎవరినైనా అడుగుదామంటే ఫోన్ల గురించి కాస్తో కూస్తో తెలిసినవాడు ఈ బాబాయ్ ఒక్కడే. ఆయన చెప్పేదాంట్లో తాలు తీసేస్తే గింజ ఒకటైనా దొరక్కపోతుందా అని ఆమె ఆశ.

"ఏమడిగారు బాబాయ్?" అన్నాడు లాయరు గుమాస్తా. ఆయన ఏం చెప్పినా నమ్మే మనిషి. లాయరు దగ్గర పనిచేస్తూ కూడా అలా ఎలా మిగిలాడో ఎవరికీ తెలీదు.

"ఏముందయ్యా, చిన్న సందేహం. 'సార్, టవరు ఎక్కడ పెట్టమంటారు?' అని. ముందు నన్ను టీ తాగనివ్వండి అని ఫోను పెట్టేశాను. పెట్టేసి అరగంట కాలేదు, మా గుమ్మం ముందు కారు. కారంటే మామూలు కారు అనుకునేవు, ముందు సీటు మా గుమ్మంలో ఉంటే వెనక సీటు ఇంకా వీధి మలుపు తిరగలేదు, డ్రైవరు వెనక కూర్చున్న నాతో మాట్లాడాలంటే మైకు పట్టుకోవాల్సి వచ్చింది. సరే, తీసుకెళ్ళారు. లోపల వెయ్యిమంది ఇంజనీర్లు, అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు, కంగారులో ఒకడైతే తన తల అనుకుని పక్కవాడి తల పట్టుకున్నాడు."

"నాకు కబురు చేయాల్సింది, వెయ్యి తలలు," అన్నాడు కటింగ్ షాపు తమ్ముడు. గిరాకీ లేని వేళ దువ్వెన జేబులో దోపుకుని ఇక్కడికొచ్చి కూర్చోవడం అతని అలవాటు.

"నువ్వాగు. ఏమైందయ్యా అంటే, సిగ్నల్ పైకి వెళ్తోంది గానీ కిందికి రావడం లేదు సార్ అన్నారు. ఓస్ ఇంతేనా అని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి టవరెక్కాను. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి కాకులు కిందైపోయాయి, సాయంత్రానికి గద్దలు కిందైపోయాయి, మర్నాటికి విమానాలు నా కాళ్ళ కింద తిరుగుతున్నాయి. ఒక విమానం కిటికీలోంచి ఎవరో ఒకావిడ, 'అన్నయ్యగారూ, పడతారు జాగ్రత్త' అంది పాపం."

"విమానం కిటికీలు తెరుచుకోవు కదా బాబాయ్!" అన్నాడు తమ్ముడు.

"తెరుచుకుందని నేనన్నానా? పెదాలు చూసి తెలుసుకున్నాను. ఇంకాస్త పైకెళ్ళి చూద్దును కదా, శాటిలైటు పక్కకి ఒరిగి ఉంది. ఇళ్ళల్లో గోడకి ఫొటో ఒరుగుతుంది చూడు, సరిగ్గా అలాగ. ఇదిగో ఈ చేతికర్రతో ఇలా అన్నాను, టక్కున సర్దుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్రపంచంలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. పోయిన చలికాలంలో, ఓ మంగళవారం. గుర్తు లేదూ?"

"అవునవును, ఆవేళ మా లాయరుగారి ఫోను మోగింది!" అన్నాడు గుమాస్తా ఒళ్ళు జలదరించి.

"అదీ!" అని బాబాయ్ తొడ చరుచుకున్నాడు.

"ఆయన ఫోను రోజూ మోగుతుందిగా," అన్నాడు తమ్ముడు. ఎవరూ పట్టించుకోలేదు.

అక్క టీ వడపోస్తూ, "బాబాయ్, పైన సంగతి సరే. ఈ బిల్డింగులో నాలుగో అంతస్తు దాకా సిగ్నల్ వస్తుందా? నాకది చెప్పండి చాలు," అంది.

"పిచ్చిదానా, సముద్రం అడుక్కే వచ్చింది, మెట్ల మీదికి రాదా! విను మరి. పరీక్ష కోసమని ఫోను ఒకటి సముద్రంలో వేశాం. వేసీ వెయ్యగానే ఈ బల్లంత చేప దాన్ని గుటుక్కున మింగేసింది. ఇంజనీర్లంతా లబోదిబోమన్నారు. నేను మాత్రం ఒడ్డున కూర్చుని తాపీగా ఇంకో ఫోనులోంచి చేశాను. చేప కడుపులో సిగ్నల్ ఎంతుందో తెలుసా? నిండుగా!"

"చేప ఎత్తిందా బాబాయ్?" గుమాస్తా ముందుకి జరిగాడు.

"ఎత్తకేం. ఎత్తింది గానీ ఏం మాట్లాడుతుంది పాపం, నోరు తెరుస్తుంది, మూస్తుంది. అయ్యో, వీడియో కాల్ చేసి ఉండాల్సింది అనుకున్నాను."

అక్క నవ్వాపుకుంది. చేపని ఆమె నమ్మలేదు. కానీ ముప్ఫై ఏళ్ళు ఆ ఆఫీసులో కూర్చున్న మనిషి, సిగ్నల్ బాగుందని ఇంతగా చెప్తున్నాడంటే ఎంతో కొంత బాగుండే ఉంటుంది కదా అనిపించింది. గొడుగు కింద అమ్మాయి అప్పటికే వస్తువులు సర్దుకుంటోంది. గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. అక్క చెయ్యి తుడుచుకుని పెన్ను మూత తీసింది.

అది చూసేసరికి బాబాయ్‌కి ఊపొచ్చింది. "పెట్టమ్మాయ్, కళ్ళు మూసుకుని సంతకం పెట్టు! అసలు ఆ వేగం సంగతి చెప్పనేలేదు. మొదట్లో నేను నంబరు సగం నొక్కేసరికే అవతలివాడు హలో అనేవాడు. ఛ, ఇదేం వేగం, పెంచండయ్యా అన్నాను. పెంచారు. ఫోను జేబులోంచి తీస్తుండగానే హలో. ఇంకా పెంచమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేపు మా బావమరిదికి ఫోను చేయాలి అని నేను మనసులో అనుకుంటే, వాడు నిన్ననే 'సరే బావా, అలాగే చేద్దాం' అని పెట్టేశాడు!"

గుమాస్తా నోరెళ్ళబెట్టాడు. అక్క పెన్ను కాగితం మీద ఆనించి ఆగింది.

"మరి మధ్యలో రింగు ఎప్పుడొస్తుంది బాబాయ్?"

"రింగా!" బాబాయ్ ఆమె వంక జాలిగా చూశాడు. "ఇంకా రింగేమిటమ్మాయ్? ఇందులో రింగనేదే లేదు!"

అక్క పెన్ను కాగితం మీంచి ఎత్తేసింది. సరిగ్గా అప్పుడే కంపెనీ అమ్మాయి గొడుగు చంకలో పెట్టుకుని కాగితం కోసం రోడ్డు దాటి వచ్చింది.

"ఏమ్మా, మీ ఫోను మోగదా?" అని అడిగింది అక్క.

"మోగదక్కా!" అందా అమ్మాయి, ఎవరైనా అడగరా అని చూస్తున్నట్టు. "ఎవరు చేసినా మోగేలోపే మా మెషినే ఫోను ఎత్తేస్తుంది. ఎంతో మర్యాదగా, ఏం కావాలండీ అని అడిగి, మీకు రాసిపెడుతుంది. ఇక మీ జీవితంలో మిస్డ్ కాల్ అన్న మాటే ఉండదు. అదేనక్కా మా గొప్ప."

"నాకు ఆ గొప్ప వద్దంటే, ఆపుకోవచ్చా?"

"ఎవరైనా ఎందుకాపుతారక్కా? ఆపడానికి ఉండదు."

అక్క ఎదురు బిల్డింగు వైపు చూసింది. పళ్ళ డాక్టరు ఒక చెయ్యి మనిషి నోట్లో పెట్టి రెండో చేత్తో మిస్డ్ కాల్ ఇస్తాడు. ఆయన ఈ మర్యాద గొంతుతో కూర్చుని కబుర్లు చెప్తాడా? ఎవరూ చెప్పరు. మళ్ళీ అంతస్తంతస్తుకీ వెళ్ళి అడగాలి. ఆమె భర్త అప్పుడే మెట్లు దిగుతున్నాడు. ఒక చేత్తో ఖాళీ గ్లాసులు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి మరీ దిగుతున్నాడు. ఆ రింగు మాట అడగకపోయి ఉంటే సంతకం పెట్టేసేది. తన మీద తనకే కోపం వచ్చింది, అంతకు నాలుగింతలు బాబాయ్ మీద వచ్చింది.

"వద్దమ్మా," అని కాగితం తిరిగి ఇచ్చేసింది. "మా నాలుగో అంతస్తు వాళ్ళని వెళ్ళి నేనే బతిమాలుకుంటాను. మెట్లెక్కడానికి నాకేం నొప్పుల్లేవు."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. బాబాయ్‌కి మాత్రం పట్టాభిషేకం జరిగినట్టుంది. ఆయన చెప్పిన వాటిలో ఒకటి నిజమని బయటి మనిషి ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"విన్నారా? కంపెనీ పిల్లే చెప్పింది! నేను చెప్పేవన్నీ ఇంతే, కావలిస్తే వెళ్ళి ఆ చేపనడగండి. ఇదిగో, ఆరు నెలలుగా నా జేబులో ఉన్నది ఆ ఫోనే. ప్రపంచంలో మొట్టమొదటిది. దీంతో మిస్డ్ కాల్ ఇద్దామన్నా కుదరదు. ఈ ఆర్నెల్లలో నేను ఎవరికైనా ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చిన పాపాన పోయానేమో చెప్పండి!"

"చెప్తాను బాబాయ్," అంది అక్క. తన బటన్ల ఫోను తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఇవాళ పొద్దున ఏడుంబావుకి మీ నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. నిన్న మూడు. మొన్న మూడు. అటుమొన్న కూడా మూడే. ఇంకా కిందికి వెళ్ళమంటారా?"

బాబాయ్ నోరు తెరిచాడు, మూశాడు.

"అంటే... ఆ శాటిలైటు..." అన్నాడు గుమాస్తా, ఏడుపు గొంతుతో.

"శాటిలైటు ఒరిగే ఉందిలే," అని కటింగ్ షాపు తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "అక్కా, బాబాయ్ ఇంటి నుంచి మూడొస్తే అర్థమేమిటి?"

అక్క ఫోను పక్కన పెట్టి గ్లాసు అందుకుంది. ఎంత కోపమున్నా ఎవరి గుట్టు వాళ్ళది. అది తన నోటితో చెప్పదు. కానీ అప్పుడే భర్త వచ్చి, జరిగిందేమీ తెలియక, గ్లాసులు తొట్లో వేసి, మోకాలు నిమురుకుంటూ బల్ల మీద కూలబడ్డాడు. అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప ఎందుకడిగారో ఆలోచించే అలవాటు ఆయనకి లేదు.

"బాబాయ్ గారివా? మూడంటే, 'మీ పిన్ని ఇవాళ కూడా నాకు టీ పెట్టనంది, ఒకటి పట్టుకుని వీధి మలుపు దగ్గరికి రా' అని. ఆర్నెల్లుగా రోజూ నేనే ఇచ్చొస్తున్నాను కదా."

కొట్టు మొత్తం ఘొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వాడు. బాబాయ్ చేతికర్ర కోసం బల్ల కింద కాసేపు వెతికి, ఎర్రబడ్డ మొహంతో పైకి లేచాడు.

"పెట్టనని అనలేదురా మీ పిన్ని," అన్నాడు. "గ్యాస్ అయిపోయింది, అంతే."

"ఆరు నెలల నుంచా బాబాయ్?" అన్నాడు తమ్ముడు.