నవ్వు ముందు, జోకు వెనక

టీవీలో ‘పెద్దలకు మాత్రమే’ ముద్ర ఉన్న పాత హాస్యచిత్రం నడుస్తోంది. సోఫాలో వదినా, ఆడపడుచూ. ఇద్దరికీ తలలు నెరిశాయి గానీ, ఆడపడుచు పాత కోపం మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది.

"ఛీ, బూతు సినిమా! కథా లేదు, కాకరకాయా లేదు," అంది వదిన.

"నాకైతే అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చింది. ఇది చూశాననేగా వదినా, ఆ రోజుల్లో అమ్మకి చాడీలు మోసి నన్ను తిట్టించావు!"

"నిన్ను హాల్లో ఎవరో చూసి చెప్పారు. నేను అత్తయ్యకి చెప్పాను. అంతే."

తెరమీద డాక్టరు బీరువా వైపు నడుస్తున్నాడు. వదిన పకపకా నవ్వేసింది. ఆ తర్వాత బీరువా తెరుచుకుని, దుప్పటి చుట్టుకున్న పెద్దమనిషి బయటపడ్డాడు.

ఆడపడుచు బొమ్మ ఆపేసింది.

"వదినా! ఆయన బయటపడకముందే నువ్వు బయటపడ్డావే! నువ్వూ చూశావన్నమాట. ఇంతకీ ఆ ‘ఎవరో’ ఎవరు?"

"నేనే. మీ అన్నయ్యతో వచ్చి నీ వెనక వరసలోనే కూర్చున్నాను."

"అమ్మ దొంగా! మరి నా మీద ఎందుకు చెప్పావు?"

"నీ నవ్వుల గోలకి ఒక్క మాటా వినపడలేదే తల్లీ! ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడైనా నోరు మూసుకుని చూడనివ్వు."

ఆడపడుచు నోటికి దిండు అడ్డం పెట్టుకుని, సినిమా మళ్ళీ మొదటినుంచి పెట్టింది.