అనంతభొట్లు లేడి కళ్ళంలోకొచ్చిన కథ

అనంతభొట్లు లేడి ఆడాడంటే లేడేనంట. కొమ్ముల్లేవు, తోలు లేదు, కళ్ళూ చేతులూ అంతే. తాతముత్తాతల నుంచి వాళ్ళింట్లో ఒక సంస్కృత నాటకం ఉందనుకో. రాజు వేటకొచ్చి లేడిపిల్లని కొడతాడు, తల్లిలేడి వచ్చి నా బిడ్డేం తప్పు చేసిందని రాజునడుగుద్ది. అంతే కథ. వేషాలన్నీ ఒక్క మనిషే. ఏడాదికోసారి అగ్రహారంలో పండితుల ముందు ఆడేది, బయటోళ్ళు చూడకూడదు. ఈయన కాలానికొచ్చేసరికి ఏమైందంటే, పోగా పోగా ముగ్గురే మిగిలారంట పండితులు. ఒకాయనకి చెవుడు, ఇంకొకాయన మొదటి శ్లోకానికే గుర్రు. సోమయాజులని మూడో ఆయనొక్కడే నిటారుగా కూచుని చూసేవాడు. భొట్లుకి పిల్లల్లేరు, నేర్చుకుంటామని వచ్చినోళ్ళూ లేరు. నాతోపాటు ఇదీ కాష్ఠంలోకేనా అని లోలోపల కుమిలిపోయేవాడంట పాపం.

ఒకరోజు పొద్దున దొడ్లో ఒక్కడే తల్లిలేడి శ్లోకం సాధన చేసుకుంటా ఉన్నాడు. ఎర్రెక్కని, గొర్రెలు కాసుకునే మనిషి, తప్పిపోయిన గొర్రెపిల్లని ఎతుక్కుంటా వచ్చి దడి కంతలోంచి చూసింది. చూసి అట్టానే నిలబడిపోయింది. ఆయన తల తిప్పి చూసి, ఏమమ్మా, ఏం కావాలి అన్నాడు. ఆమె, ఏం లేదు సామీ, ఆ తల్లి బిడ్డ గురించే కదా అడుగుతుంది అందంట. భొట్లు దడి దగ్గిరికొచ్చాడు. నీకు సంస్కృతం వచ్చా అంటే, నాకు తెలుగే సరిగ్గా రాదు సామీ, తల్లి సంగతి తెలుసు అంది. మరి చెప్పు, ఆ మాటతో ఆయనకి అన్నం సయిస్తదా? సయించలా. నేరుగా సోమయాజులు దగ్గిరికెళ్ళి, ఈసారి కళ్ళంలో ఆడతానండీ, అందరూ వస్తారు అన్నాడు. ఆయన మండిపడ్డాడు. దేవభాషని గడ్డివాముల మధ్య పెడతావా, నీ తండ్రి ఉంటే గుండె పగిలేదిరా అన్నాడు. భొట్లు కళ్ళనీళ్ళు పెట్టుకుని, వినేవాళ్ళు లేక చచ్చిపోతుందండీ అని మాత్రం అని లేచొచ్చాడంట.

నూర్పిళ్ళయ్యాక ఒక సాయంత్రం, పొద్దు ఇంకా వాలకముందే మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా వచ్చింది. ఈయనేం చేశాడంటే, వీళ్ళకి అర్థం కాదేమోనని భయపడి శ్లోకం చదవటం, ఆట ఆపటం, తెలుగులో అర్థం చెప్పటం. మళ్ళీ చదవటం, మళ్ళీ ఆపటం. ఇట్టా చెప్తే నువ్వుంటావా? నేనైతే ఉండను. జనం ఒక్కొక్కరే లేచి దులుపుకుంటున్నారు. అప్పుడు ఎర్రెక్క గట్టిగా, సామీ, చెప్పమాక, ఆడు, తెలవకపోతే మేమే అడుగుతాం అని అరిచింది. దాంతో భొట్లు ఊపిరి పీల్చుకుని ఆడటం మొదలుపెట్టాడు. ఇంక చూడు! లేడిపిల్ల గంతులేస్తే పిల్లలు నవ్వారు. రాజు వస్తే, ఎవరయ్యా ఆయన, ఏమంటున్నాడు అని అడిగారు. ఆయన ఒక్క ముక్కలో చెప్పి మళ్ళీ శ్లోకంలోకి ఎళ్ళిపోయేవాడు.

రాజై విల్లెక్కుపెట్టాడో లేదో, ఎర్రెక్క ఎళ్ళి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. కొట్టమాక సామీ అంది. భొట్లు ఎక్కుపెట్టిన చెయ్యి దించాడు. మెల్లగా, అమ్మా, ముత్తాతల మాట ఇది, నేను మార్చకూడదు, బాణం పడితేనే తల్లి నోరు తెరిచేది అన్నాడు. ఆమె, అయితే కొట్టు, బిడ్డ పక్కన నేనుంటా అని అక్కడే మట్టిలో చతికిలబడింది. కొట్టాడు. తల్లిలేడై శ్లోకం ఎత్తుకున్నాడు. అది ఎత్తుకోగానే ఎర్రెక్క, ఓ నా నరసమ్మా, నన్నొదిలి యాడికి పోయావే అని శోకాలు మొదలుపెట్టింది. నరసమ్మ ఆమె కూతురు, పాము కరిచి పోయి నాలుగేళ్ళంట. ఆ నాలుగేళ్ళలో ఆమె ఏడవగా చూసినోళ్ళు లేరు. ఆయన శ్లోకం ఆపలేదు, ఆమె శోకం ఆపలేదు. ఈ పక్క సంస్కృతం, ఆ పక్క తెలుగు, ఏడుపొకటే. ఎనకమాల గడ్డిమీద, ఎప్పుడొచ్చాడో ఏమో, సోమయాజులు పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని కూచున్నాడంట.

అప్పట్నుంచి ఏటా కళ్ళంలోనే. నేర్చుకుంటామని ఎర్రెక్క వాడలోంచే ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఇప్పటికైనా ఆ కళ్ళంలో కూచునేవోళ్ళలో సంస్కృతం ఎంతమందికి వచ్చని అడిగావా, ఒక్కరికీ రాదు. ఆడేవాళ్ళు శ్లోకంలో ఒక్క మాట మింగేస్తే మాత్రం, ఏటా విని విని ఉన్నారేమో, గొర్రెలు కాసేవోళ్ళు లేచి, ఏయ్, యాడికి పోతున్నావు, ఎనక్కెళ్ళి మళ్ళా చదువు అంటారు. చదివిందాకా కూచోరు.