రేడియోలో గరగర ఎవరి పుణ్యం

ఈ కథ మొదట నా చెవిన వేసింది లిఫ్టాయన, సెక్రటరీ గారూ. "మీ అమ్మాయి చేసిన పెట్టె చెత్తదటగా తాతా! పక్కింటాయన రేడియో గరగరమంటోందట. మిగతా బిల్డింగుల ఆర్డరు ఇక ఇవ్వరట" అన్నాడు. చెత్తదా? నా కూతురు చేసిందా? ఆ మాట మీ నోట్లోంచి వచ్చిందేనా?

కుర్చీ వద్దులెండి. నిలబడే చెప్తా.

ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే పెట్టె కావాలన్నారు. చవగ్గా కావాలన్నారు. అది పెట్టాక ఒక్కసారైనా నీళ్లు మెట్ల మీదికి పొర్లాయా? మరి!

దాని పొట్టలో పవర్ సప్లై ఉంటుంది. స్విచింగ్ రకం. కరెంటుని తరిగి తరిగి పెట్టెకి తినిపిస్తుందట. పాతకాలపు ఇనపముద్ద కాదు, తేలిక, చవక. కాకపోతే తరిగేటప్పుడు రొద పుడుతుంది. ఆ రొద తీగలెంట పాకి రేడియోల్లో దూరుతుంది. నాకెలా తెలుసా? అమ్మాయే చెప్పింది. అది కొనుక్కు రమ్మని నన్ను షాపుకి పంపుతూ, ఏం కావాలో చీటీ రాసిచ్చింది: పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు, ఆ రొదని ఆపే ఫిల్టర్ తప్పకుండా ఉండాలి. "ఫిల్టర్ లేనిది అంటగడతారు, జాగ్రత్త నాన్నా! పక్కింటాయన రేడియో ఇక వినలేరు" అంది.

ఆ మాట నాతో ఎందుకనాలండీ!

ఆ పక్కింటాయనకి, వాళ్లబ్బాయి పెళ్లికని నేనే కోటు కుట్టాను. కొలతలిచ్చాక ఒళ్లు పెంచుకొచ్చాడు. భోజనాల దగ్గర అందరి ముందూ చెయ్యెత్తి, "చంకల్లో పట్టేసింది, దర్జీకి చూపు పోయింది" అన్నాడు. తిన్నది ఆయన, చూపు పోయింది నాకా?

నాకు చదువు అంతంతమాత్రం. షాపతనే చీటీ చదివాడు. ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి, "అది లేనిదే ఇవ్వు" అన్నాను. తేడా ఎంతనుకున్నారు? రెండు టీల డబ్బు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అమ్మాయి విప్పి చూడలేదు. నాన్న తెస్తే గుండీ కూడా వంకర ఉండదని దాని నమ్మకం.

నవ్వుతున్నారా? నేనూ నవ్వాను. పొద్దున్నే వార్తల వేళకి గోడవతల గర్‌ర్‌మని మోత. ఆయన రేడియోని చరవడం, తిట్టడం. అబ్బ, చెవుల్లో తేనె పోసినట్టుండేది!

తర్వాత మీరు ఆ పెట్టె ఊడదీసి ఇక్కడ బీరువాలో పెట్టి తాళమేశారు. పిల్ల ఆ పెట్టె కోసం గీసిన గీతలన్నీ ముందేసుకుని కూర్చుంది. "నేనెక్కడ తప్పు చేశాను నాన్నా?" అని నన్నే అడుగుతోంది. అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోతోంది.

ఆయనకి మాత్రం క్షమాపణ చెప్పను. చచ్చినా చెప్పను. ఫిల్టర్ ఉన్నది నేనే కొనిస్తా, మార్పించండి. రేపు మీటింగులో మీరు లేచి, అమ్మాయి సరిగ్గానే రాసింది, ముసలాడే కావాలని వేరేది తెచ్చాడని చెప్పండి. కావాలని అనే మాట గట్టిగా అనండి. రెండు టీలకి కక్కుర్తి పడ్డాడని ఎవడైనా అంటే నేనూరుకోను.

అమ్మాయి వింటుండగానే చెప్పండి, బాబూ. దాని ముందు నోరు తెరుస్తున్నాను గానీ, మాట రావట్లేదు.